సెర్చ్ పాత్ లిస్టులో ఒకదానిలో ఒకటి ఇమిడిపోయిన డైరెక్టరీలను స్క్రిప్టుతో తీసేయడం: సమగ్ర మార్గదర్శి

వెతకాల్సిన డైరెక్టరీల లిస్టును స్క్రిప్టుకు ఇచ్చాం. అందులో /డేటా ఉంది, కాస్త కింద /డేటా/ఫోటోలు కూడా ఉంది. ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్ ఆ లిస్టును ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. ముందు /డేటా మొత్తం తిరుగుతుంది, ఆ తిరగడంలోనే ఫోటోలు కూడా చూసేస్తుంది. ఆ తర్వాత /డేటా/ఫోటోలు దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. అక్కడ 40,000 ఫైళ్లుంటే ఆ 40,000 పేర్లూ రెండేసి సార్లు బయటికొస్తాయి.

వెతకడం వరకే అయితే పోయేది సమయమే. దొరికిన ఫైలు మీద ఏదైనా పని చేయిస్తున్నప్పుడే అసలు నష్టం. ప్రతి ఫైలు చివర ఒక లైను చేర్చే స్క్రిప్టు రెండు లైన్లు చేరుస్తుంది. పేరు ముందు ‘పాత_’ అని తగిలించేది ‘పాత_పాత_’ అని తగిలిస్తుంది. సైజులు కూడేది మొత్తాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది. డిలీట్ చేయించే స్క్రిప్టులోనైతే, లోపలి డైరెక్టరీ మొదటి విడతలోనే పోయి ఉంటుంది కాబట్టి రెండో విడత ‘అలాంటి ఫైలు లేదు’ అన్న ఎర్రర్‌తో ఆగుతుంది. ఎర్రర్ రాగానే ఆగిపొమ్మని షెల్‌కు చెప్పి ఉంటే మిగతా స్క్రిప్టు నడవనే నడవదు.

అన్ని కమాండ్లూ ఒకేలా ప్రవర్తించవు. డైరెక్టరీల సైజు చూపే గ్నూ డీయూ ఒకసారి లెక్కపెట్టిన ఫైలును అదే పరుగులో మళ్లీ లెక్కపెట్టదు. /డేటా ముందు, /డేటా/ఫోటోలు తర్వాత ఇస్తే రెండోదాని వరుసే కనిపించదు. తిరగేసి ఇస్తే రెండు వరుసలూ వస్తాయి గానీ, /డేటా పక్కన చూపే సైజులో ఫోటోల సైజు ఉండదు. ఇలాంటి తెలివి ఫైండ్‌కు గానీ, ఫైళ్ల లోపలి అక్షరాలను వెతికే గ్రెప్‌కు గానీ లేదు. లిస్టును శుభ్రం చేసి ఇవ్వాల్సింది మనమే.

కమాండ్లు, ఆప్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో మాత్రం వాటి మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టాలి.

ముందు తేల్చుకోవాల్సింది: ఈ లిస్టు లోపలికి దిగి వెతికేదేనా?

ఒక డైరెక్టరీ లోపల ఇంకొకటి ఉన్నంత మాత్రాన లోపలిది అనవసరం అయిపోదు. బయటి డైరెక్టరీని వెతికే ప్రోగ్రామ్ లోపలి దాకా వెళ్తేనే లోపలిది అనవసరం.

షెల్ కమాండ్లను వెతుక్కునే పాత్ వేరియబుల్‌నే తీసుకోండి. షెల్ అందులోని ఒక్కో డైరెక్టరీని పైపైన చూస్తుందే తప్ప లోపలి డైరెక్టరీల్లోకి దిగదు. /టూల్స్, /టూల్స్/బిన్ రెండూ ఉన్నాయని రెండోదాన్ని తీసేస్తే అందులోని కమాండ్లన్నీ ‘కమాండ్ దొరకలేదు’ అంటాయి. పైథాన్ మాడ్యూళ్లను వెతికే పైథాన్‌పాత్, షేర్డ్ లైబ్రరీలను వెతికే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్, సీడీ కమాండ్ డైరెక్టరీలను వెతికే సీడీపాత్ వంటివన్నీ ఈ కోవలోవే. వీటిలో తీసేయదగ్గవి అచ్చంగా ఒకేలా ఉన్న ఎంట్రీలు మాత్రమే. జెడ్ షెల్‌లో అందుకు టైప్‌సెట్ కమాండ్‌కు పెద్ద యు ఆప్షన్ ఇచ్చి, చిన్నక్షరాల పాత్ అర్రే పేరు రాస్తే చాలు.

రెండు రకాలూ కలిసి ఉండే చోట్లు కూడా ఉన్నాయి. టెక్ (TeX) టైప్‌సెట్టింగ్ సిస్టమ్ వాడే కేపాత్‌సీ లైబ్రరీలో దారి చివర రెండు స్లాష్‌లు ఉంటే లోపలికి దిగి వెతుకుతుంది, లేకపోతే పైపైనే చూస్తుంది. అక్కడ రెండు స్లాష్‌లున్న ఎంట్రీ కింద వచ్చేవే అనవసరమైనవి.

కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేదంతా ఫైండ్, ఆర్ ఆప్షన్‌తో గ్రెప్, ఇండెక్స్ తయారుచేసే ప్రోగ్రామ్‌లు, ఒకేలాంటి ఫైళ్లను పట్టుకునే ప్రోగ్రామ్‌ల వంటి లోపలి దాకా దిగేవాటికి ఇచ్చే లిస్టుల గురించే.

పద్ధతి ఒక్క చూపులో

ప్రతి దారినీ అసలు రూపంలోకి మార్చాలి. చివర ఒక స్లాష్ పెట్టాలి. బైట్ల క్రమంలో సార్ట్ చేయాలి. పై నుంచి కిందికి చదువుతూ, ఆఖరున ఉంచుకున్న దారితో మొదలయ్యే ప్రతి దారినీ వదిలేయాలి. ఇంతే. కానీ ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా ఫలితం పాడవుతుంది, అదీ చాలాసార్లు చప్పుడు చేయకుండా. అందుకే ఒక్కోదాన్ని విడిగా చూద్దాం. ఈ లిస్టును ఉదాహరణగా పెట్టుకుందాం:

/డేటా
/డేటా/ఫోటోలు
/డేటా-పాతవి
/డేటా2
/డేటా/ఫోటోలు/
/పని/../డేటా/వీడియోలు

చివరికి మిగలాల్సినవి మూడు: /డేటా, /డేటా-పాతవి, /డేటా2.

1. లిస్టును విడగొట్టడం

కుదిరితే లిస్టును మొదటి నుంచీ బాష్ షెల్‌లోని అర్రేగానే ఉంచండి. అప్పుడు ఈ మెట్టే అక్కర్లేదు. కోలన్లతో కలిపిన ఒకే స్ట్రింగ్‌గా వస్తే విభజన గుర్తును చెప్పే ఐఎఫ్‌ఎస్ వేరియబుల్‌ను కోలన్‌గా పెట్టి, రీడ్ కమాండ్‌కు ఆర్, ఏ ఆప్షన్లు రెండూ ఇచ్చి అర్రేలోకి చదవాలి. కోట్స్ లేకుండా వేరియబుల్‌ను వదిలేసి షెల్ దానంతట అదే విడగొట్టుకుంటుందిలే అనుకోవద్దు. దారిలో నక్షత్రం గుర్తు ఉంటే షెల్ దాన్ని ఫైళ్ల పేర్లుగా విప్పేస్తుంది.

రీడ్‌తో రెండు చిక్కులున్నాయి. స్ట్రింగ్ కోలన్‌తో ముగిస్తే ఆ చివరి ఖాళీ ఎంట్రీని అది లెక్కలోకి తీసుకోదు. దారి మధ్యలో కొత్త లైను గుర్తు ఉంటే అక్కడితో చదవడం ఆపేస్తుంది.

ఖాళీ ఎంట్రీలను ఇక్కడే తీసేయాలి. రెండు కోలన్లు పక్కపక్కన వస్తే మధ్యలో ఖాళీ స్ట్రింగ్ పుడుతుంది. పాత్ వేరియబుల్‌లో దానికి ‘ఇప్పుడున్న డైరెక్టరీ’ అని అర్థం, వెతికే లిస్టులో మాత్రం అది ఎవరో పొరపాటున టైప్ చేసిందే అయి ఉంటుంది. పైగా ఏ దారైనా ఖాళీ స్ట్రింగ్‌తో ‘మొదలవుతుంది’ కాబట్టి, దాన్ని పోలిక దాకా రానిస్తే లిస్టు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

కాన్ఫిగరేషన్ ఫైలు నుంచి చదివే లిస్టులో టిల్డ గుర్తుతో మొదలయ్యే దారులున్నాయేమో చూడండి. షెల్ టిల్డను హోమ్ డైరెక్టరీగా మార్చేది అది స్క్రిప్టులో నేరుగా, కోట్స్ బయట ఉన్నప్పుడే. ఫైల్లోంచి వచ్చిన టిల్డ మామూలు అక్షరంలా మిగిలిపోతుంది. దాన్ని మీరే హోమ్ వేరియబుల్ విలువతో మార్చాలి.

2. అసలు దారిని తేల్చడం

ఒకే డైరెక్టరీకి ఎన్ని రకాలుగానైనా దారి రాయొచ్చు: చివర స్లాష్‌తో, మధ్యలో రెండు చుక్కలతో, సింబాలిక్ లింక్ (ఇంకో దారిని చూపించే ఫైలు) ద్వారా, ఇప్పుడున్న చోటు నుంచి. అన్నింటినీ ఒకే రూపంలోకి తేకుండా పోల్చడంలో అర్థం లేదు.

లినక్స్‌లో ఈ పనికి రియల్‌పాత్ ఉంది. గ్నూ కోర్‌యుటిల్స్‌లో 2012లో చేరింది, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల పోసిక్స్ ప్రమాణంలోకి 2024 ఎడిషన్‌తో వచ్చింది. దానికి చిన్న ఇ ఆప్షన్ ఇస్తే దారి మొత్తం నిజంగా ఉండి తీరాలి. ఎమ్ ఆప్షన్ ఇస్తే లేకపోయినా ఫర్వాలేదు. ఏదీ ఇవ్వకపోతే ఆఖరి భాగం తప్ప మిగతాదంతా ఉండాలి. వెతికే లిస్టుకు ఇ ఆప్షనే సరైనది. లేని డైరెక్టరీని వెతికేదేమీ లేదు, దాని గురించి ఇక్కడే హెచ్చరిక ఇచ్చి పక్కన పెట్టడం మేలు. లిస్టులో ఒక ఎంట్రీ లేకపోయినా రియల్‌పాత్ మిగతావాటిని తేల్చి చూపిస్తుంది, ఎగ్జిట్ స్టేటస్ మాత్రం 1 అవుతుంది. ఎర్రర్‌తో ఆగిపోయేలా పెట్టిన స్క్రిప్టులో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రియల్‌పాత్ లేని పాత సిస్టమ్‌లలో సబ్‌షెల్ తెరిచి, ఆ డైరెక్టరీలోకి సీడీతో వెళ్లి, పీడబ్ల్యూడీకి పెద్ద పి ఆప్షన్ ఇచ్చి దారి తీసుకోవచ్చు. ముందుగా సీడీపాత్ వేరియబుల్‌ను తీసేయండి. అది ఉంటే సీడీ తాను వెళ్లిన చోటును తనే ప్రింట్ చేసే అవకాశం ఉంది, అప్పుడు మీ ఫలితంలో ఒకటికి రెండు లైన్లు వస్తాయి. హైఫన్‌తో మొదలయ్యే పేర్లు ఆప్షన్లుగా పొరబడకుండా దారికి ముందు రెండు హైఫన్లు పెట్టడం ఎక్కడైనా అవసరమే.

రెండు చుక్కలను స్ట్రింగ్ మార్పిడితో మీరే తీసేయాలని చూడకండి. /పని అన్నది ఎక్కడికో తీసుకెళ్లే సింబాలిక్ లింక్ అయితే, /పని/.. అంటే పై స్థాయి రూట్ కాదు, ఆ లింక్ చూపించే డైరెక్టరీకి పై స్థాయి. అక్షరాలను చూసి ఇది తేల్చలేం, ఫైల్ సిస్టమ్‌ను అడగాల్సిందే.

3. చివర స్లాష్ పెట్టడం

ఈ పనిలో అందరూ జారిపడే చోటు ఇదే. ‘/ఫోటోలు’ అన్న స్ట్రింగ్ ‘/ఫోటో’ అన్న స్ట్రింగ్‌తో మొదలవుతుంది. డైరెక్టరీలుగా చూస్తే ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు. స్లాష్ లేకుండా పోల్చిన స్క్రిప్టు /ఫోటోలును నిశ్శబ్దంగా తీసేస్తుంది, అందులోని ఫైళ్లు వెతుకులాటలోకి రానే రావు. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. రెండుసార్లు వెతకడం కన్నా ఇది చాలా పెద్ద తప్పు.

చివర స్లాష్ ఉంటే ‘/ఫోటోలు/’ అన్నది ‘/ఫోటో/’తో మొదలవదు. /డేటా2, /డేటా-పాతవి కూడా /డేటా చేతిలోంచి అలాగే తప్పించుకుంటాయి.

స్లాష్ చేర్చేటప్పుడు రూట్ డైరెక్టరీ ఇబ్బంది పెడుతుంది. ‘/’కి ఇంకో స్లాష్ చేరిస్తే ‘//’ అవుతుంది, ఏ దారీ దానితో మొదలవదు. అందుకని నేరుగా చేర్చకుండా, ముందు చివరి స్లాష్ ఒకటి తీసేసి తర్వాత ఒకటి పెట్టండి. షెల్‌లో పర్సెంట్ గుర్తుతో చివరి స్లాష్ తీసే వేరియబుల్ విస్తరణ ఉంది, దాని పక్కనే స్లాష్ రాస్తే సరి. రూట్ ఖాళీ అయి మళ్లీ ‘/’ అవుతుంది, మిగతావన్నీ ఒక్క స్లాష్‌తో ముగుస్తాయి. విడిగా ఇఫ్ రాయనక్కర్లేదు.

4. బైట్ల క్రమంలో సార్ట్

సార్ట్ చేస్తే బయటి డైరెక్టరీ ముందు, దాని లోపలివన్నీ దాని వెనకే వరుసగా వస్తాయి. ఒకే అక్షరాలతో మొదలయ్యే స్ట్రింగ్‌లన్నీ సార్ట్ అయ్యాక ఒకే గుంపుగా ఉంటాయి, ఆ గుంపులో అన్నిటికన్నా పొట్టిది ముందుంటుంది. అందుకే ప్రతి దారినీ మిగతా అన్నిటితో పోల్చాల్సిన పని లేకుండా, ఆఖరున ఉంచుకున్న ఒక్కదానితో పోలిస్తే సరిపోతుంది.

స్లాష్ పెట్టడం సార్ట్ కన్నా ముందే ఎందుకు జరగాలో మన ఉదాహరణ చూపిస్తుంది. స్లాష్ లేకుండా సార్ట్ చేస్తే వరుస ఇలా వస్తుంది:

/డేటా
/డేటా-పాతవి
/డేటా/ఫోటోలు
/డేటా/ఫోటోలు
/డేటా/వీడియోలు
/డేటా2

ఆస్కీలో హైఫన్ విలువ 45, స్లాష్ విలువ 47. అందుకే /డేటా-పాతవి మధ్యలో దూరింది. దాన్ని ఉంచుకోగానే ‘ఆఖరున ఉంచుకున్నది’ అదే అవుతుంది. తర్వాత వచ్చే /డేటా/ఫోటోలు దానితో మొదలవదు కాబట్టి అనవసరంగా మిగిలిపోతుంది. స్పేస్ (32), ప్లస్ (43), కామా (44), చుక్క (46) కూడా స్లాష్ కన్నా ముందే వస్తాయి కాబట్టి వాటితోనూ ఇదే బాధ. స్లాష్ పెట్టాక చేసిన సార్ట్ ఇలా ఉంటుంది:

/డేటా-పాతవి/
/డేటా/
/డేటా/ఫోటోలు/
/డేటా/ఫోటోలు/
/డేటా/వీడియోలు/
/డేటా2/

ఇప్పుడు /డేటా/ గుంపు చెదరకుండా ఉంది.

ఇది నిలవాలంటే సార్ట్ బైట్ల విలువ ప్రకారమే జరగాలి. భాషా నియమాల ప్రకారం సార్ట్ చేసే లొకేల్‌లలో (భాష, ప్రాంతం అమరికల్లో) స్లాష్, హైఫన్ వంటి గుర్తులను మొదటి విడత పోలికలో పక్కన పెట్టి అక్షరాలనే చూసేవి ఉన్నాయి. అప్పుడు గుంపు చెదిరిపోతుంది. మీ కంప్యూటర్‌లో సరిగ్గా నడిచిన స్క్రిప్టు ఇంకో సర్వర్‌లో తేడాగా నడవడానికి కారణం వెతుకుతుంటే ముందు ఇక్కడ చూడండి. సార్ట్ కమాండ్‌కు ముందు, ఆ ఒక్క కమాండ్‌కే వర్తించేలా, ఎల్‌సీ_ఆల్ వేరియబుల్‌ను ‘సీ’గా పెట్టాలి. స్క్రిప్టు మొత్తానికి పెడితే యూజర్‌కు వచ్చే సందేశాల భాష కూడా మారిపోతుంది, అది అవసరం లేదు.

5. వడపోత

తర్కం ఇది:

చివరిది = ఖాళీ
వరుసలోని ప్రతి దారికి:
  చివరిది ఖాళీ కాకుండా ఉండి, దారి దానితో మొదలైతే: వదిలెయ్
  లేకపోతే: దారిని ఉంచు, చివరిది = దారి

అచ్చంగా ఒకేలా ఉన్న దారులు కూడా ఇందులోనే పోతాయి, ఎందుకంటే ఏ స్ట్రింగ్ అయినా తనతో తానే మొదలవుతుంది. ‘ఖాళీ కాకుండా’ అన్న షరతు మాత్రం మానొద్దు. బాష్‌లో కేస్‌తో పోల్చినప్పుడు, ఖాళీ స్ట్రింగ్ పక్కన నక్షత్రం అంటే ఏదైనా సరిపోతుందని అర్థం. మొదటి దారే ఎగిరిపోతుంది, దాని వెనకే మిగతావన్నీ.

టెక్స్ట్‌ను లైను లైనుగా చదివే ఆక్‌లో రాస్తే ఇండెక్స్ ఫంక్షన్ వాడండి. అది 1 తిరిగిస్తే దారి ఆ స్ట్రింగ్‌తో మొదలైనట్టు. టిల్డతో చేసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పోలిక ఇక్కడ పనికిరాదు. దారుల్లో చుక్కలు, ప్లస్‌లు, బ్రాకెట్లు మామూలుగానే ఉంటాయి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాటికి వేరే అర్థం తీస్తుంది. బాష్ కేస్‌లో కూడా అంతే: ‘చివరిది’ వేరియబుల్‌ను డబుల్ కోట్స్‌లో పెట్టి, నక్షత్రాన్ని మాత్రం కోట్స్ బయట ఉంచాలి.

పేర్లలో కొత్త లైను గుర్తు ఉండే వీలుంటే మొదటి నుంచి చివరి దాకా నల్ బైట్‌నే (విలువ సున్నా ఉన్న బైట్‌ను) విభజన గుర్తుగా వాడాలి. గ్నూ రియల్‌పాత్‌కు, సార్ట్‌కు జెడ్ ఆప్షన్ ఉంది. గ్నూ ఆక్‌లో రికార్డ్ సెపరేటర్‌ను నల్‌గా పెట్టొచ్చు. బాష్ 4.4 నుంచి మ్యాప్‌ఫైల్‌కు డి ఆప్షన్‌తో ఖాళీ స్ట్రింగ్ ఇస్తే నల్ వరకు చదువుతుంది. మ్యాక్‌తో వచ్చే బాష్ 3.2లో మ్యాప్‌ఫైల్ లేదు, అసోసియేటివ్ అర్రేలూ లేవు. అక్కడ రీడ్‌ను లూప్‌లో, డి ఆప్షన్‌తో నడపాలి.

6. స్లాష్ తీసి, కమాండ్‌కు ఇవ్వడం

చివరి స్లాష్ తీసేటప్పుడు రూట్ మళ్లీ అడ్డొస్తుంది: ‘/’ నుంచి స్లాష్ తీస్తే ఖాళీ స్ట్రింగ్ మిగులుతుంది. ఖాళీ అయితే ‘/’ అని పెట్టాలి.

తర్వాత అర్రేలో కనీసం ఒక్కటైనా మిగిలిందా అని తప్పకుండా చూడండి. గ్నూ ఫైండ్‌కు ఏ దారీ ఇవ్వకపోతే అది ఇప్పుడున్న డైరెక్టరీలోనే వెతకడం మొదలుపెడుతుంది. గ్నూ గ్రెప్‌కు ఆర్ ఆప్షన్ ఇచ్చి దారి ఇవ్వకపోయినా అంతే. లిస్టులోని డైరెక్టరీలేవీ లేవని అన్నీ వడపోతలో పోయి, అదే ఫైండ్‌కు డిలీట్ కూడా తగిలించి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అర్రే ఖాళీ అయితే ఎర్రర్ ఇచ్చి బయటికి రావడం ఒక్కటే సరైన దారి.

అర్రేను ఎప్పుడూ డబుల్ కోట్స్‌లో, ఎట్ గుర్తుతో విప్పాలి. లిస్టు మరీ పెద్దదైతే ఫైండ్‌యుటిల్స్ 4.9.0 (2022) నుంచి ‘ఫైల్స్0-ఫ్రమ్’ ఆప్షన్ ఉంది. నల్‌తో విడదీసిన లిస్టును పైప్ నుంచే తీసుకుంటుంది.

లిస్టు వరుస ముఖ్యమైనప్పుడు

ముందు దొరికిన ఫైలే గెలుస్తుందన్న నియమం ఉంటే సార్ట్ చేయడం కుదరదు. అప్పుడు ఇంకో పద్ధతి: అసలు వరుసలోనే ఒక్కో దారిని తీసుకుని, చివరి భాగాన్ని ఒక్కొక్కటిగా కోసుకుంటూ రూట్ దాకా పైకి వెళ్లాలి. ప్రతి మెట్టులోనూ ఆ దారి ఇప్పటికే ఉంచుకున్నవాటిలో ఉందేమో అసోసియేటివ్ అర్రేలో చూడాలి. ఉంటే వదిలేయాలి, రూట్ వరకూ ఎక్కడా లేకపోతే ఉంచుకోవాలి. పోలిక ఆ దారితోనే మొదలుపెట్టండి, పై స్థాయితో కాదు. లేకపోతే ఒకేలా ఉన్న ఎంట్రీలు మిగిలిపోతాయి. /ఫోటో, /ఫోటోలు గందరగోళం ఈ పద్ధతిలో పుట్టనే పుట్టదు, ఎందుకంటే కోత ఎప్పుడూ స్లాష్ దగ్గరే పడుతుంది. వరుస ముఖ్యమైన చిన్న లిస్టులకు మేం మొదట సిఫారసు చేసేది ఇదే.

లోపలి డైరెక్టరీ ముందు, బయటిది తర్వాత ఉంటే ఈ పద్ధతి రెండింటినీ ఉంచుతుంది. అది కావాలనే. /డేటా/కొత్తవి ముందు, /డేటా తర్వాత రాసినవారు కొత్తవాటికి ప్రాధాన్యం ఇచ్చినట్టు. లోపలిదాన్ని తీసేస్తే అన్ని ఫైళ్లూ దొరుకుతాయి గానీ ముందు దొరికేది మారిపోతుంది. రెండుసార్లు తిరగడం వద్దనుకుంటే, /డేటాను వెతికేటప్పుడు ఫైండ్ ప్రూన్‌తో /డేటా/కొత్తవిని దాటేయించండి.

తీసేయకూడని సందర్భాలు

కొన్ని చోట్ల దారి చూస్తే లోపలిదే, అయినా తీసేస్తే ఫైళ్లు తప్పిపోతాయి. స్క్రిప్టు ఎంత జాగ్రత్తగా రాసినా, వెతికే కమాండ్ ఆప్షన్లు చూడకుండా ఈ సంగతి తేలదు.

వేరే ఫైల్ సిస్టమ్. /డేటా/బ్యాకప్ ఇంకో డిస్కు నుంచి మౌంట్ అయి ఉంది, ఇంకో ఫైల్ సిస్టమ్‌లోకి దిగొద్దని ఫైండ్‌కు ఎక్స్‌డెవ్ ఆప్షన్ ఇచ్చారు. /డేటా నుంచి బయల్దేరిన ఫైండ్ ఆ మౌంట్ దగ్గర ఆగిపోతుంది, లోపలికి దిగదు. లిస్టులో /డేటా/బ్యాకప్ విడిగా రాసింది అందుకే. ఎక్స్‌డెవ్ వాడే స్క్రిప్టులో రెండు డైరెక్టరీల డివైస్ నంబర్లు ఒకటైతేనే తీసేయండి. గ్నూ స్టాట్‌లో సి ఆప్షన్‌తో, బీఎస్‌డీ స్టాట్‌లో ఎఫ్ ఆప్షన్‌తో, పర్సెంట్ డి అని అడిగితే ఆ నంబరు వస్తుంది.

లోతు పరిమితి. మ్యాక్స్‌డెప్త్ 2 ఇచ్చి /డేటాను వెతికితే /డేటా/అ/ఆ/ఇ దాకా చేరదు. లోతు పరిమితి ఉన్న స్క్రిప్టులో ఈ శుభ్రతే పెట్టుకోకండి, అచ్చంగా ఒకేలా ఉన్నవాటిని తీసేస్తే చాలు.

దాటేసే నియమాలు. గ్రెప్ లాంటిదే అయిన రిప్‌గ్రెప్ చుక్కతో మొదలయ్యే డైరెక్టరీలను, గిట్ పట్టించుకోవద్దని గిట్‌ఇగ్నోర్ ఫైల్లో రాసినవాటిని మామూలుగా దాటేస్తుంది. కమాండ్‌లో పేరు పెట్టి ఇస్తే మాత్రం వెతుకుతుంది. ప్రాజెక్టు డైరెక్టరీతో పాటు దానిలోని దాచిన డైరెక్టరీని కూడా లిస్టులో ఎవరైనా రాశారంటే కావాలనే రాశారని అనుకోవాలి.

అనుమతులు. బయటి డైరెక్టరీకి 711 అనుమతి ఉంటే ఇతరులు దాని గుండా వెళ్లగలరు గానీ అందులో ఏముందో చదవలేరు. ఫైండ్ అక్కడ ‘అనుమతి లేదు’ అని ఆగుతుంది. లోపలి డైరెక్టరీ పేరు నేరుగా ఇస్తే పని అవుతుంది. బయటి డైరెక్టరీ చదవగలిగేది అయితేనే లోపలిదాన్ని తీసేయాలి.

సింబాలిక్ లింకులు. /డేటా/లింక్ అన్నది /వేరే అన్న డైరెక్టరీని చూపిస్తుంటే, ఫైండ్ మామూలుగా దాని వెంట వెళ్లదు. అక్షరాలను మాత్రమే పోల్చే స్క్రిప్టు దాన్ని /డేటా కింద తీసేసి ఫైళ్లు పోగొడుతుంది. రెండో మెట్టులో అసలు దారి తేల్చుకుంటే అది /వేరే అని బయటపడి లిస్టులో నిలుస్తుంది. పెద్ద ఎల్ ఆప్షన్‌తో ఫైండ్, పెద్ద ఆర్‌తో గ్రెప్ లింకుల వెంట వెళ్తాయి. అప్పుడు ఈ పద్ధతి ఏదీ పోగొట్టదు గానీ, లింకుల ద్వారా వచ్చే పునరావృతం మిగిలే ఉంటుంది.

పేర్లలోని తేడాలు కూడా ఉన్నాయి. మ్యాక్ ఫైల్ సిస్టమ్ ఏపీఎఫ్‌ఎస్ మామూలు అమరికలో, విండోస్‌లో ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాలు ఒకటే. తెలుగు పేర్లలో ఐత్వంతో జాగ్రత్త: ‘ఫైళ్లు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. యూటీఎఫ్-8లో మొదటిది 3 బైట్లు, రెండోది 6. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లలో మామూలుగా అవి రెండు వేర్వేరు డైరెక్టరీలు, ఏపీఎఫ్‌ఎస్‌లో ఒకటే. అనుమానం ఉన్న చోట స్ట్రింగ్‌లను నమ్మకుండా, టెస్ట్ కమాండ్‌కు ఇఎఫ్ ఇచ్చి డివైస్ నంబర్లను, ఐనోడ్ నంబర్లను (ఫైల్ సిస్టమ్‌లో ఒక్కో ఫైలుకు ఉండే గుర్తింపు సంఖ్యలను) పోల్చండి. బైండ్ మౌంట్‌తో రెండు చోట్ల కనిపించే ఒకే డైరెక్టరీని పట్టుకోవడానికీ అదే దారి. రియల్‌పాత్‌కు బైండ్ మౌంట్ సంగతి తెలియదు.

పైథాన్, పవర్‌షెల్‌లలో

పైథాన్‌లో కామన్‌ప్రిఫిక్స్ ఫంక్షన్ పేరు చూసి మోసపోవద్దు. అది అక్షరాలను పోలుస్తుంది, /ఫోటో, /ఫోటోలు రెంటికీ ‘/ఫోటో’ అని జవాబిస్తుంది. దారుల భాగాలను పోల్చేది 3.5 నుంచి ఉన్న కామన్‌పాత్. దానికి పూర్తి దారిని, పాక్షిక దారిని కలిపి ఇస్తే, విండోస్‌లో వేర్వేరు డ్రైవ్‌ల దారులు ఇచ్చినా, వాల్యూఎర్రర్ వస్తుంది. పాత్‌లిబ్‌లో 3.9 నుంచి ఈజ్_రెలెటివ్_టు ఉంది. చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ అది డిస్కును చూడదు, రాతనే చూస్తుంది. ముందు రిజాల్వ్ పిలవాల్సిందే.

పవర్‌షెల్‌లో స్టార్ట్స్‌విత్‌కు ఒక్క స్ట్రింగే ఇస్తే డాట్‌నెట్ భాషా నియమాలతో పోలుస్తుంది. ఆర్డినల్‌ఇగ్నోర్‌కేస్ అని రెండో విలువ ఇవ్వండి, చివర బ్యాక్‌స్లాష్ పెట్టడం మరవొద్దు.

సరిగ్గా జరిగిందో లేదో తేల్చుకోవడం

లిస్టు చూసి సరే అనుకోవడం చాలదు. ఫైళ్లలో ఎలాంటి మార్పులూ జరగని సమయంలో, మొదటి లిస్టుతో ఒకసారి, శుభ్రం చేసిన లిస్టుతో ఒకసారి ఫైండ్ నడపండి. రెండు సార్లూ స్క్రిప్టు అసలు వాడే ఆప్షన్లే ఉండాలి, వాటికి తోడు లిస్టులో నేరుగా ఇచ్చిన లింకుల వెంట వెళ్లేలా పెద్ద హెచ్ ఆప్షన్ ఇవ్వండి. గ్నూ ఫైండ్‌లో ప్రింట్‌ఎఫ్‌కు పర్సెంట్ పెద్ద డి, కోలన్, పర్సెంట్ చిన్న ఐ, చివర కొత్త లైను అని రాస్తే ప్రతి ఫైలుకూ డివైస్ నంబరు, ఐనోడ్ నంబరు వస్తాయి. దారి ఎలా రాసినా ఈ జంట మారదు. రెండు ఫలితాలనూ సార్ట్‌కు యు ఆప్షన్‌తో పంపి, కామ్ కమాండ్‌తో పోల్చండి.

రెండూ అచ్చంగా ఒకటి కావాలి. మొదటిదానిలోనే ఉన్న వరుసలు కనిపిస్తే వడపోత తీసేయకూడనిదాన్ని తీసేసింది: ఎక్స్‌డెవ్, అనుమతులు, స్లాష్, ఈ వరుసలో వెతకండి. తర్వాత యు ఆప్షన్ లేకుండా రెండో ఫలితంలోని వరుసలు లెక్కపెట్టండి. హార్డ్ లింకుల వల్ల వచ్చే తేడా పోను, ఆ సంఖ్య యు ఆప్షన్‌తో వచ్చినదానికి సమానంగా ఉండాలి. ఎక్కువ ఉంటే ఇంకా ఏదో డైరెక్టరీ రెండుసార్లు తిరుగుతోంది, చాలాసార్లు అది బైండ్ మౌంటే అయి ఉంటుంది.

తీసేసిన ప్రతి దారినీ, దేని కింద వస్తుందని తీసేసిందో ఆ దారితో సహా, స్టాండర్డ్ ఎర్రర్‌లోకి ఒక్క లైనుగా రాయించండి. స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి రాస్తే ఆ లైను తర్వాతి కమాండ్‌కు దారిగా వెళ్లిపోతుంది.